పేరు అడగొద్దు, కళ్ళకు కనిపించింది అడగండి

ఉపగ్రహ చిత్రాలతో భూ వినియోగ పటాలు తయారుచేసే వాళ్ళ మధ్య ఈ మధ్య ఒక మాట తరచూ వినిపిస్తోంది. "ఫీల్డు డేటాకి డబ్బు లేదు, మనుషులూ లేరు. డిగ్రీ కాలేజీ పిల్లల ఫోన్లలో ఒక యాప్ వేయించి ఊళ్ళ మీదికి పంపితే సరి, నెల తిరిగేసరికి పదివేల పాయింట్లు వచ్చిపడతాయి." వచ్చిపడతాయి, అనుమానం లేదు. పాయింటు అంటే ఒక చోటు, అక్కడి నేల మీద ఏముందన్న నమోదు. ఉపగ్రహ చిత్రాలను చదివే కంప్యూటర్ ప్రోగ్రాంకు నేర్పడానికీ, తయారైన పటాన్ని తనిఖీ చేయడానికీ అవి కావాలి. వాటిలో ఎన్ని పనికొస్తాయన్నది మాత్రం ఆ యాప్ అడిగే మొదటి ప్రశ్నను బట్టి ఉంటుంది.

చాలా యాప్‌లలో ఆ మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది: "ఇక్కడ ఉన్నది ఏ రకం భూమి?" కింద ఒక జాబితా. పంట భూమి, బీడు, తోట, అడవి, నీరు, కట్టడాలు. ఒకదాని మీద నొక్కి ముందుకు పోవాలి. నా అభ్యంతరమంతా ఈ ప్రశ్న మీదే. భూమికి పేరు పెట్టే పని వాలంటీరుకు అప్పగించకూడదు. కనిపించింది రాయించాలి, ఫొటోలు తీయించాలి, అక్కడ రైతు ఉంటే ఆయన అన్న మాట అన్నట్టుగా రాయించాలి. పేరు పెట్టడం తర్వాతి పని. అది ఒకే చోట, అన్ని పాయింట్లకూ ఒకే నియమంతో జరగాలి.

బీడు అంటే ఏ బీడు?

మన దేశంలో భూ వినియోగ లెక్కలు తొమ్మిది రకాల వర్గీకరణ ప్రకారం వేస్తారు. అందులో మూడింటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఈ ఏడాది మాత్రమే సాగు చేయకుండా వదిలేసినది ప్రస్తుత బీడు. ఏడాది దాటి ఐదేళ్ళ లోపు వదిలేస్తే ఇతర బీడు. ఐదేళ్ళు, అంతకు మించి వదిలేస్తే సాగుకు యోగ్యమైన వ్యర్థ భూమి. మార్చి నెలలో ఒక మెట్ట చేను గట్టు మీద నిలబడ్డ అమ్మాయికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఎండిన గడ్డి, అక్కడక్కడా వయ్యారిభామ, నాలుగు తుమ్మ మొక్కలు. మూడింటికీ ఉన్న తేడా గడిచిన కాలంలో ఉంది, ఎదురుగా ఉన్న నేలలో లేదు. జాబితాలోంచి ఒకటి ఎంచుకోమంటే ఆమె ఊహించి నొక్కుతుంది. తర్వాత ఆ ఊహకు అక్షాంశ రేఖాంశాలు తోడై "క్షేత్ర వాస్తవం" అన్న హోదా వచ్చేస్తుంది.

అదే అమ్మాయిని వేరేగా అడగొచ్చు. నేల మీద కొయ్యకాళ్ళు ఉన్నాయా? దుక్కి చాళ్ళు కనిపిస్తున్నాయా? ముళ్ళ మొక్కలు మోకాలి ఎత్తు దాటాయా? గట్లు సరిచేసి ఉన్నాయా, కోసుకుపోయాయా? వీటికి జవాబు చెప్పడానికి వ్యవసాయం చదివి ఉండక్కర్లేదు. దగ్గర్లో ఎవరైనా ఉంటే ఇంకో ప్రశ్న: "ఇందులో ఆఖరిసారి ఏం వేశారండీ, ఏ ఏడు?" ఈ ఐదు జవాబులు చేతిలో ఉంటే మూడు బీళ్ళలో ఏదో ఆఫీసులో కూర్చున్న మనిషి తేల్చగలడు. తేల్చలేకపోతే "తేలలేదు" అని రాసుకోగలడు. జాబితా మీద నొక్కించే పద్ధతిలో ఆ "తేలలేదు"కు చోటే ఉండదు.

ఖమ్మం వైపు జామాయిల్ తోటలు, ప్రకాశంలో సుబాబుల్ కూడా ఇలాగే చిక్కు పెడతాయి. ఉపగ్రహానికి అది దట్టమైన చెట్ల పచ్చదనం. పట్నం నుంచి వచ్చిన కుర్రాడికి అడవి. పట్టాదారుకు మాత్రం కొన్నేళ్ళకోసారి కొట్టి అమ్ముకునే పంట. ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. నేల మీద ఏముంది, ఆ నేలను దేనికి వాడుతున్నారు అనే రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే జాబితాలో కుక్కడమే తప్పు. ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్ నడిపే లూకాస్ అనే భూ సర్వేలో ఈ రెండింటికీ వేర్వేరు కోడ్లు ఉంటాయి. విమానాశ్రయంలో రన్‌వే పక్కన ఉన్న పచ్చిక ఆ సర్వేలో ఆవరణం (నేల మీద ఉన్నది) దృష్ట్యా గడ్డి, వినియోగం దృష్ట్యా రవాణా. జామాయిల్ తోటకూ అంతే: చెట్లు అని ఒక గడిలో, ఎవరు నాటారు, ఎందుకు నాటారు అని ఇంకో గడిలో.

ఇది నా ఒక్కడి పట్టుదల కాదు. ఆస్ట్రియాలోని ఐ.ఐ.ఎ.ఎస్.ఎ. అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ 2009 నుంచి నడుపుతున్న జియో-వికీలో వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి గుర్తింపులు చేస్తారు. అక్కడ నిపుణుల జవాబులనూ మామూలు జనం జవాబులనూ పోల్చి 2013లో ఒక పరిశోధన వెలువడింది. మనిషి చెయ్యి పడ్డ నేలా, కాదా అన్న విషయంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. భూ ఆవరణ రకం చెప్పమన్నప్పుడు నిపుణులు ముందున్నారు. చూడటంలో జనం వెనకబడలేదు, పేరు పెట్టడంలో వెనకబడ్డారు.

స్టాంప్ చేసి చూపించాడు కదా?

దీనికి ఎదురుగా నిలబెట్టదగ్గ బలమైన ఉదాహరణ 1930ల బ్రిటన్. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో భూగోళం చెప్పే డడ్లీ స్టాంప్ 1930లో బ్రిటన్ భూ వినియోగ సర్వే మొదలుపెట్టాడు. వేలాది బడుల పిల్లలు, ఉపాధ్యాయులు కాలినడకన తిరిగి దేశం మొత్తాన్ని పొలం పొలం చొప్పున నమోదు చేశారు. వాళ్ళు చేసింది పేరు పెట్టడమే. అడవికి ఎఫ్, శాశ్వత పచ్చికకు ఎమ్, దున్నే నేలకు ఎ, బీడు కొండలకు హెచ్, తోటలకు జి, చెరువులకు పి, వ్యవసాయానికి పనికిరాని నేలకు డబ్ల్యూ. ఆ పటాలు తర్వాత యుద్ధకాలంలో ఏ పచ్చికను దున్ని ఆహారం పండించాలో నిర్ణయించడానికి అక్కరకొచ్చాయి.

అంటే పిల్లల చేత పేర్లు పెట్టించవచ్చన్నమాటేగా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. కానీ ఆ పని ఎందుకు కుదిరిందో చూడాలి. పిల్లల చేతిలో ఉన్నది మైలుకు ఆరంగుళాల పటం. ప్రతి పొలం కంచె అందులో ముందే గీసి ఉంది. తాము ఎక్కడున్నామో వెతుక్కునే బాధ లేదు, కంచె లోపల ఒక అక్షరం రాస్తే చాలు. అక్షరాలు ఏడే. తిరిగింది సొంత ఊళ్ళో.

అంత చేసినా చిక్కు పడింది ఎక్కడంటే ఎమ్‌కీ, ఎకీ మధ్య. శాశ్వత పచ్చిక ఎమ్. పంట మార్పిడిలో భాగంగా రెండు మూడేళ్ళు గడ్డి వేసి మళ్ళీ దున్నేది ఎ. కంచె మీంచి తొంగి చూస్తే రెండూ పచ్చగడ్డే. మన మూడు బీళ్ళ కథే ఇది. తేడా తెలియాలంటే రైతును అడగాలి. 1960లో ఆలిస్ కోల్‌మన్ రెండో సర్వే మొదలుపెట్టి రకాలను 64కు పెంచింది. పని చేసింది మళ్ళీ వాలంటీర్లే. పటాల్లో చాలా భాగం అచ్చుకు నోచుకోలేదు. స్టాంప్ గెలుపును వాలంటీర్ల చేత పేర్లు పెట్టించడానికి సాక్ష్యంగా చూపేవాళ్ళు ఆ ఏడు అక్షరాలనూ, ఆరంగుళాల పటాన్నీ కూడా లెక్కలో వేసుకోవాలి.

ఫోను ఉన్న చోటు, పొలం ఉన్న చోటు

యాప్ పాయింట్లలో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే తప్పు పంట గుర్తింపులో ఉండదు. వాలంటీరు రోడ్డు పక్కన బండి ఆపి, పత్తి చేను వైపు చూసి, "పత్తి" అని నొక్కుతాడు. ఫోను నమోదు చేసేది అతను నిలబడ్డ చోటును. పటంలో ఆ పాయింటు తారు రోడ్డు మీద పడుతుంది. ఆ పాయింటుతో శిక్షణ పొందిన ప్రోగ్రాం తారు రోడ్డు మెరుపును పత్తి అని నేర్చుకుంటుంది.

లెక్క వేసి చూస్తే దీని బరువు తెలుస్తుంది. ఎకరం చదరంగా ఉంటే ఒక పక్క దాదాపు 64 మీటర్లు. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చదరం, అంటే పిక్సెల్, 10 మీటర్లది కాబట్టి, అంచులు తీసేశాక కూడా ఎకరంలో 25 నుంచి 36 దాకా పూర్తిగా ఆ చేనులోనే పడే పిక్సెళ్ళు దొరుకుతాయి. మన దేశపు ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరా పిక్సెల్ 23.5 మీటర్లది. ఎకరంలో పూర్తిగా ఇమిడేవి ఒకటి నుంచి నాలుగు. వాటిలోని మరో కెమెరా ఏవిఫ్స్ పిక్సెల్ 56 మీటర్లది, అదొక్కటే ముప్పాతిక ఎకరం దాటుతుంది. అరెకరం, పావెకరం ముక్కలున్న చోట పాయింటు 15 మీటర్లు పక్కకు జరిగితే పక్కవాడి పంట అవుతుంది.

అందుకే కొన్ని పద్ధతులు తప్పవు. ఆరుబయట మంచి ఫోను కూడా 5 మీటర్ల అటూ ఇటూ చూపిస్తుంది, మామిడి తోట కింద ఇంకా ఎక్కువ. ఓడీకే కలెక్ట్ లాంటి యాప్‌లు 5 మీటర్ల కచ్చితత్వం వచ్చాకే పాయింటు పట్టుకునేలా ఉంటాయి, ఆ హద్దును తొందర కోసం పెంచకూడదు. ఆటో దిగీదిగగానే నొక్కితే ఫోను పాత చోటునే చెప్పే ప్రమాదం ఉంది, ఒక నిమిషం ఆగాలి. వీలైతే గట్టు నుంచి 20, 30 మీటర్లు లోపలికి నడవాలి. నీళ్ళు పెట్టిన వరి మడిలో అది కుదరదు, రైతు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. అప్పుడు గట్టు మీదే నిలబడి, యాప్‌లో ముందే దింపి పెట్టుకున్న ఉపగ్రహ చిత్రం మీద మడి మధ్యలో పిన్ను పెట్టాలి. నిలబడ్డ చోటు ఒక గడి, చూసిన చోటు ఇంకో గడి. ఆ చిత్రం కొన్నేళ్ళ కిందటిది కావచ్చు. చిత్రంలో వరి, ఎదురుగా రొయ్యల చెరువు ఉంటే కంగారు పడి పిన్ను జరపొద్దని శిక్షణలో గట్టిగా చెప్పాలి.

ఫొటోలు ఐదు. ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర, ఆఖరిది కాళ్ళ దగ్గర నేల. నాలుగు దిక్కుల ఫొటోల్లో ఆకాశం మూడో వంతు మించకూడదు. మోటారు దగ్గరో, బండికి ఆనుకునో తీస్తే ఫోను దిక్సూచి తప్పు చెబుతుంది. దీన్ని ఆఫీసులో నీడలను బట్టి పట్టుకోవచ్చు. పొద్దున పూట తూర్పు ముఖంగా తీసిన ఫొటోలో నీడలు కెమెరా వైపు రావాలి, అవతలికి పోతున్నాయంటే దిక్కు తప్పినట్టే. ఇంకోటి, ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోకూడదు. అలా పంపితే ఫొటోలో దాగి ఉండే చోటు, సమయం వివరాలు చెరిగిపోతాయి. శ్రద్ధగా తిరిగి తీసిన ఫొటోలు ఈ ఒక్క పొరపాటుతో ఉత్త బొమ్మలై మిగులుతాయి.

ఐదో ఫొటో ఎందుకని చాలామంది దాటేస్తారు. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు ఆ పైరులోనే మినుములు చల్లుతారు. కోత అయిన వారానికి గట్టు మీద నిలబడి నాలుగు దిక్కులా ఫొటో తీస్తే పసుప్పచ్చని కొయ్యకాళ్ళు, వరి కుప్పలు. "కోసిన వరి, ఖాళీ పొలం" అనే ఎవరైనా రాస్తారు. వంగి కాళ్ళ దగ్గర చూస్తే కొయ్యకాళ్ళ సందుల్లో చెమ్మగా ఉన్న నల్లమట్టి, అందులో వేలి గోరంత ఆకులతో జంటజంటగా లేచిన మినుము మొలకలు. నెల తిరిగేసరికి ఉపగ్రహానికి ఆ ఖాళీ పొలం పచ్చగా కనిపిస్తుంది. ఐదో ఫొటో ఉంటే ఆ పచ్చదనానికి పేరు దొరుకుతుంది. లేకపోతే వాలంటీరు తప్పు రాశాడని పాయింటును పారేస్తాం. అతను తప్పు రాయలేదు. చూడమన్న చోటే చూశాడు.

తేదీ సంగతీ ఇదే. సార్వాలో ఒకసారి, దాళ్వాలో ఒకసారి, వేసవిలో ఒకసారి అదే చోటికి వెళ్ళిన వంద పాయింట్లు, ఒక్కసారే వెళ్ళిన మూడు వందల కంటే మేలు. ఏడాదిలో ఒక్క రోజు చూసి చేపల చెరువో, ఎండగట్టిన మడో తేల్చలేం.

ఎక్కడికి వెళ్ళాలో ఎవరు చెప్పాలి

ఇది చిన్న విషయం, కానీ వదలడానికి వీల్లేదు. వాలంటీర్లను తమకు నచ్చిన చోటికి వెళ్ళనిస్తే బస్సు పోయే ఊళ్ళు, సొంత ఊళ్ళు, రోడ్డు పక్క పొలాలు వస్తాయి. అలాంటి పదివేల పాయింట్లతో ప్రోగ్రాంకు శిక్షణ ఇవ్వొచ్చు. పటం ఎంత సరైనదో కొలవడానికి మాత్రం అవి పనికిరావు. కొలవడానికి పాయింట్లు ముందే లాటరీ పద్ధతిలో ఎంపిక కావాలి. పటం 85 శాతం సరైనదని అనుకుంటే, దాన్ని 5 శాతం అటూ ఇటూగా, 95 శాతం నమ్మకంతో చెప్పడానికి యాదృచ్ఛికంగా తీసిన 196 పాయింట్లు చాలు. ఒక్కో రకానికి కనీసం 50 ఉండేలా చూసుకుంటే ఒక జిల్లాకు ఐదారు వందలు. అరవై మంది, తలా పది పాయింట్లు. లూకాస్ సర్వే 2 కిలోమీటర్ల గడుల మీద ముందే గుర్తుపెట్టిన చోట్ల నుంచి పాయింట్లు ఎంచుకుంటుంది. ఆస్ట్రియాలో ఫోటోక్వెస్ట్ గో యాప్ జనాన్ని పంపింది కూడా ఆ లూకాస్ పాయింట్లకే.

చేరలేని పాయింటును పక్కనున్న తేలికైన దానితో మార్చకూడదు. గేటు వేసి ఉంది, వాగు పొంగింది, రైతు వద్దన్నాడు అని కారణం రాయాలి. చేరలేకపోవడం కూడా సమాచారమే. వెళ్ళినవాళ్ళకు పెట్రోలు ఖర్చు ఇవ్వడం దానం కాదు. అది లేకపోతే దూరపు పాయింట్లే ముందుగా ఖాళీగా మిగులుతాయి, ఎంపిక మళ్ళీ రోడ్డు పక్కకే వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ఉండగా ఇదంతా ఎందుకని అడగొచ్చు. ఆ లెక్క సర్వే నంబర్ల వారీగా, బీమా, నష్టపరిహారం, కొనుగోళ్ళతో ముడిపడి ఉంటుంది. పైగా అది ప్రధానంగా పంటల కోసం పెట్టిన నమోదు. భూ వినియోగ పటానికి పంట లేని నేల కూడా అంతే ముఖ్యం.

స్థానికుడికి తెలిసింది వదిలేస్తామా?

నా వాదనకు అన్నిటికన్నా నొప్పి కలిగించే ప్రశ్న ఇది. పేరు అడగొద్దంటే, ఊళ్ళో మనిషికి మాత్రమే తెలిసిన సంగతిని చేజేతులా పోగొట్టుకున్నట్టు కాదా? దూరం నుంచి ఆకుపచ్చగా కనిపించేది పచ్చిరొట్ట కోసం చల్లిన జీలుగ అని, వచ్చే నెల దున్నేస్తారని ఉపగ్రహ నిపుణుడికి ఎవరు చెబుతారు? పత్తి చేలో మధ్య మధ్య కంది సాళ్ళు ఉన్నాయని ఎవరు చెబుతారు?

అందుకే ఫారంలో ఒక ఖాళీ గడి ఉండి తీరాలి: "అక్కడివాళ్ళు దీన్ని ఏమంటారు?" ఎంచుకునే జాబితా ఉండకూడదు. వాళ్ళన్న మాట తెలుగులోనే, వాళ్ళ యాసలోనే. పడావు అంటే పడావు, బీడు అంటే బీడు, శిఖం అంటే శిఖం. చెరువు శిఖంలో నీళ్ళు తీశాక వేసే పంటను అక్కడి రైతు రెండు మాటల్లో చెప్పేస్తాడు. మన జాబితాలో అది నీరూ కాదు, పంట భూమీ కాదు. ఆ మాటలన్నీ పోగేసి చూస్తే మన జాబితాలో ఏ రకం లోపించిందో తెలుస్తుంది. వాలంటీరు చేత పేరు పెట్టించడానికీ, ఊరి మాట రాయించడానికీ ఇంతే తేడా: మొదటి దాంట్లో మన మాట వాళ్ళ నోట్లో పెడతాం, రెండో దాంట్లో వాళ్ళ మాట మన దాకా వస్తుంది.

ఇక భయం సంగతి. ఫోను పట్టుకుని పొలాలు ఫొటో తీసే కొత్త మనిషిని చూడగానే రైతు అడిగేది ఒక్కటే. "ఏం బాబూ, ఎందుకు తీస్తున్నారు? రోడ్డుకా, కంపెనీకా?" భూసేకరణలు చూసిన ఊళ్ళలో ఆ అనుమానం న్యాయమైనది. "మీ పేరు గానీ, సర్వే నంబరు గానీ రాయడం లేదండీ, ఇదిగో చూడండి" అని ఫోను వాళ్ళ చేతికిచ్చి చూపించాలి. వద్దంటే "సరేనండీ" అని తిరిగి రావాలి. మనుషుల ముఖాలు, ఇళ్ళ వాకిళ్ళు, బండ్ల నంబర్లు ఫొటోలో పడకూడదు.

ఏజెన్సీలో ఈ జాగ్రత్త ఇంకో స్థాయిలో కావాలి. పోడు చేసుకునే నేలను ఒక వాలంటీరు "అడవి ఆక్రమణ" అని నొక్కితే, అది ఒక కుటుంబం మీద అక్షాంశ రేఖాంశాలతో సహా ఇచ్చిన వాంగ్మూలం అవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ కుటుంబానికి హక్కు ఉండొచ్చు, దరఖాస్తు ఇంకా తేలకపోయి ఉండొచ్చు. అది తేల్చే అధికారం సెలవుల్లో తిరగడానికి వచ్చిన విద్యార్థికి లేదు. అతను రాయాల్సింది ఇంతే: కొట్టిన చెట్ల మొదళ్ళు ఉన్నాయి, మధ్యలో సామలు మొలిచాయి, వాలు ఎక్కువ. బయటికి విడుదల చేసే డేటాలో ఈ పాయింట్ల చోటును కిలోమీటరు గడి వరకే చూపాలి, ఫొటోలు ఇవ్వకూడదు. ఈ కట్టుబాటుకు ఒప్పుకోలేని సంస్థ ఏజెన్సీకి వాలంటీర్లను పంపకపోవడమే మంచిది.

తనిఖీకి ముగ్గురిని ఒకే చోటికి పంపి, ఇద్దరు చెప్పిందే ఖాయం చేయడం మామూలు పద్ధతి. పేర్లు నొక్కించినంత కాలం ఇది మోసపోయే పద్ధతే. జామాయిల్ తోటను ముగ్గురూ అడవి అనొచ్చు, అప్పుడు మూడు తప్పులు కలిసి ఏకాభిప్రాయం అవుతాయి. ఫొటోలు, చిన్న ప్రశ్నలు ఉన్నప్పుడు ఆ ఏకాభిప్రాయాన్ని మళ్ళీ విప్పి చూడొచ్చు. చెట్లు వరసల్లో ఉన్నాయా అన్న ప్రశ్నకు ముగ్గురూ "అవును" అని ఉంటారు. ఐదేళ్ళ తర్వాత వర్గీకరణ మారినా, పాత పాయింట్లను కొత్త నియమంతో మళ్ళీ చదువుకోవచ్చు. "అడవి" అని మాత్రమే మిగిలి ఉంటే చదవడానికి ఏమీ ఉండదు.

పటం తయారయ్యాక ప్రతి వాలంటీరుకూ తన పది పాయింట్లు తిరిగి పంపాలి. పక్కన రెండే గడులు: మీరు చూసింది ఇది, పటం దీన్ని ఇలా అంటోంది. కింద రాసుకోవడానికి నాలుగు గీతల చోటు.